విత్తనాలు మింగిన మహారాజ్యం

విత్తనాన్ని ఎలుకలు కొట్టి పోగొట్టుకున్న వాళ్ళను చూశాను. బూజు పట్టి పోగొట్టుకున్న వాళ్ళను చూశాను. అల్లుడికి అవసరం పడిందని అమ్ముకుని, వాన పడిన రోజు తల పట్టుకున్న వాళ్ళనూ చూశాను. కథ చెప్పి విత్తనం పోగొట్టుకున్న మనిషిని మాత్రం అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. బెళుగుప్ప చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా అడగండి, శెనక్కాయ విత్తనాలను రాజుల కథకు ధారపోసిన మహాతల్లి ఎవరని. చిన్నపిల్లలు కూడా మా ఇంటి దారి చూపిస్తారు. కొందరైతే వాకిలి దాకా వచ్చి దిగబెట్టి, నిలబడి నవ్వి మరీ పోతారు.

ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. భయపడకండి, దీనికి ముగింపు ఉంది. ముగింపు లేని కథ మనిషిని ఎంత దూరం లాక్కుపోతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను చదివింది ఐదో తరగతి. ఆరో తరగతికి పక్క ఊరికి పోవాలి. మా నాయన గొర్రెల వెంట పొమ్మన్నాడు. గొర్రెలకు ఆరో తరగతి అక్కర్లేదు కాబట్టి నాకూ అక్కర్లేకపోయింది. కాకపోతే నాకొక జబ్బుంది. విన్నది మరచిపోను. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఎవరి దినం నాడు ఏ కూరలో ఉప్పు ఎక్కువైందో, ఎంత పాతదైనా నా దగ్గర భద్రంగా ఉంటుంది. చుట్టాలు నన్ను చూస్తే మాట ఆచితూచి మాట్లాడతారు. చదవడం కూడబలుక్కునే చదువుతాను గానీ, చదివింది మాత్రం బండ మీద గీతే.

ఆ యేడు ఎండాకాలం సెలవులకు మా ఆడబిడ్డ కూతురు శిరీష అనంతపురం హాస్టలు నుంచి మా ఇంటికి వస్తూ ఐదు పుస్తకాలు మోసుకొచ్చింది. పుస్తకాలంటే నమ్మకండి. ఇటుకలు. వాటిని చూసి మా అత్త ఓబులమ్మ మనవరాలిని అడిగింది:

"ఏమ్మే, ఇవి చదివేటివా, ఎక్కి అటక అందుకునేటివా?"

"చదివేటివే అవ్వా. రాజులు, మంత్రగాళ్ళు, ఎగిరే పాములు. శానా బాగుంటాది."

"ఒక్క కథకు ఇన్నా? ఆ రాసినోనికి ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరేమో పాపం."

మా అత్త ఒక్క మాటలో తేల్చేసింది. నేను మాత్రం తేలలేదు, మునిగాను.

ఆ పుస్తకాల పేరు చెప్పను. చెప్తే మీరు చదువుతారు, ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. తీయగానే మొదట ఒక పటం. పటం నిండా నదులు, సేమ్యా ఒలకబోసినట్టు. నీళ్ళు పారే నది చూడని మా పక్కవాళ్ళకు అదే అన్నిటికన్నా పెద్ద మాయ. మంత్రాలూ ఎగిరే పాములూ అంతా దాని తర్వాత. పటం అయ్యాక వంశావళి. రాజుకూ వాళ్ళ తాతకూ ముత్తాతకూ అందరికీ ఒకటే పేరు. వాళ్ళది అయ్యాక గుర్రానికి వంశావళి. మా ఎద్దుకు తల్లి ఎవరో నాకు తెలియదు. తెలియకపోయినా అది దున్నుతుంది.

అసలు కథ ఏమిటయ్యా అంటే, ఒక పిల్లోడు రాజ్యం పోగొట్టుకున్నాడు, దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలి. అంతే. మా ఊళ్ళో గట్టు తగాదాలు కూడా అంతే గానీ, వాటికి ఎవరూ ఐదు ఇటుకలు కట్టలేదు. ఆ పిల్లోడు ఇంటి గడప దాటాలంటే చెప్పులు వేసుకోవాలి. ఆ చెప్పుల తోలు ఏ జంతువుదో, ఆ జంతువు ఏ అడవిలో మేసిందో, ఆ అడవిని ఏ రాజు నరికించాడో, ఆ రాజు ఎందుకు పెళ్ళి చేసుకోలేదో అంతా చెప్పాకే చెప్పు కాలికెక్కుతుంది. రెండో కాలు ఇంకా ఉంది, గుర్తుంచుకోండి. ఇంకో సంగతి. ఆ రాజ్యం కోసం వేలమంది చస్తారు గానీ, ఆ రాజ్యంలో ఒక్కడు కలుపు తీయడు. ఒక్కడు విత్తడానికి గొర్రు పట్టడు. అయినా రెండు అధ్యాయాలకొకసారి విందు. ఆ గింజలన్నీ ఎవడి చేలో పండినట్టు?

ఇంత తెలివిగా ఇప్పుడు మాట్లాడుతున్నాను. అప్పుడో? అప్పుడు పొయ్యి మీద ఎసరు ఆవిరైపోయి, గిన్నె మాడి, ఆ కంపుకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి చెప్తే గానీ తల ఎత్తలేదు. మా ఆయన మాడిన సంగటే గీరుకుని తిన్నాడు. రాజ్యం పోయిన పిల్లోడు అడవిలో దుంపలు తింటున్నాడని, నువ్వు వాడికన్నా నయం కదా అని నేనే ఓదార్చాను.

ఎందుకు అంతలా పట్టిందంటే, వాన కోసం చూసేవాళ్ళకు పొడుగు కథ కన్నా తోడు లేదు. దుక్కి దున్ని ఉంటుంది. చేయడానికి పని ఉండదు, చూడడానికి ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. పొట్టి కథ చదివితే అయిపోతుంది, మళ్ళీ ఆకాశమే చూడాలి. ఐదు ఇటుకల కథైతే ఆకాశం చూసే పని తప్పుతుంది. అదీ వాటి మహిమ. రాసినవాడి గొప్ప కాదు, మా మబ్బుల చేతకానితనం.

సెలవులు అయిపోయి శిరీష ముదిగుబ్బలోని తన ఇంటికి పోయింది. మోకాళ్ళ నొప్పికి కూతురి దగ్గర కొన్నాళ్ళు ఉంటానని మా అత్త కూడా వెంట పోయింది. పుస్తకాలు నా దగ్గరే ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే విత్తనం ఒలిచే పని నా నెత్తిన పడింది.

మా పక్క వాన పడకముందే విత్తనానికి దాచిన శెనక్కాయలు, అదే వేరుశనగ కాయలు, ఒలిచి పెట్టుకుంటారు. మిషన్లో వేస్తే గింజ చీలుతుంది, చీలిన గింజ మొలవదు. అందుకని రోజు కూలికి పదిమంది ఆడవాళ్ళను పిలిచి, పందిరి కింద కూర్చోబెట్టి, చేత్తోనే ఒలిపిస్తాం. ఈ పనికి మా అత్త పెట్టిన శాసనం ఒకటుంది. ఒలిచేవాళ్ళు పాడుతూనే ఉండాలి. "పాడే నోరు నమలదు" అంటుంది. ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు పలకాలి. ఎవరి గొంతు ఆగినా మా అత్తకు గోడ అవతల నుంచి తెలుస్తుంది. ఆగిన గొంతులో గింజ ఉన్నట్టే.

నాకు ఆ శాసనం మోటుగా అనిపించింది. ఐదు ఇటుకలు చదివిన మనిషిని కదా. మొదటి రోజు పాట అందుకోబోయిన రామక్కను ఆపాను. రామక్క అంటే ఒలిచేవాళ్ళకు పెద్ద. గొర్రెలు కాసిన గొంతు. ఆమె పాడితే పక్క ఊరి కుక్కలు కూడా పలుకుతాయి.

"ఎన్నాళ్ళని అవే పాటలు రామక్కా? నేనొక కథ చెప్తా, వినండి."

"యా కథ? మాకు తెలిసిందేనా?"

"మీ తాతలకు కూడా తెలీదు."

"పొడుగా, పొట్టా?"

"అయిదు ఇటుకలు."

"కాయలు అయిపోయేలోపల అయిపోతాదా?"

"కాయలే ముందు అయిపోతాయి చూడు."

ఇంత నిజమైన మాట నా జన్మలో ఇంకెప్పుడూ అనలేదు.

ఆ పుస్తకంలో పేర్లు ఎవరి నోటా తిరిగేవి కావు. కాబట్టి మేమే మంచి పేర్లు పెట్టుకున్నాం. రాజ్యం పోయిన పిల్లోడు. వాడి రాజ్యాన్ని లాక్కున్న పచ్చకండ్ల రాణి. వానను కుండలో బంధించి మూత పెట్టిన మంత్రగాడు. ఆ మంత్రగాడు రాగానే పందిరి కింద అందరికీ ఒళ్ళు మండిపోయింది.

"వాడు మొదట ఈడికే వచ్చి పోయినట్టుండాడే," అంది రామక్క. "కుండ యాడ పెట్టినాడో ఏమన్నా చెప్పినాడా?"

"అయిదో పుస్తకంలో చెప్తాడేమో."

"వాడు చెప్పేలోపల మన చెరువులో తుమ్మచెట్లు కాయ కాస్తాయి."

పక్కనే నాగమ్మ ఉంది. పిల్లి చచ్చినా రెండు రోజులు అన్నం తినని మనసు ఆమెది. "ఆ రాణికి పచ్చకండ్లు ఎందుకొచ్చినాయి లచ్చుమక్కా?" అని మెల్లగా అడిగింది.

"దాని బిడ్డ పోయింది. ఏడ్చి ఏడ్చి అట్లయినాయి."

"అయ్యో. అట్లయితే దాని తప్పేమీ లేదు."

"తప్పు లేదా?" అంది రామక్క. "పిల్లోన్ని సాకిన ముసలమ్మను చంపించలేదా? పచ్చకండ్లయితే ఏమి, ఎర్రకండ్లయితే ఏమి. అది చావల్ల."

చూశారా, అంతగా లీనమైపోయారు. పాట మాట ఎత్తినవాళ్ళు లేరు. పందిరి కింద నా గొంతు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఇంకొక్క చప్పుడు ఉండేది. కరకర, కరకర. కాయలు చిట్లుతున్నాయి, పని బాగా సాగుతోంది అని మురిసిపోయాను. కాయ చిట్లితే టప్పుమంటుంది. కరకరమనేది పంటి కింద గింజ. శెనక్కాయ చేలల్లో పుట్టి పెరిగినదానికి ఆ తేడా తెలియలేదంటే, నన్ను గొర్రెల వెంట పంపినందుకు మా నాయనను కాదు, గొర్రెలను తప్పుపట్టాలి.

యుద్ధమప్పుడు గబగబా నమిలారు. విందప్పుడు నెమ్మదిగా, రుచి చూస్తూ నమిలారు. ముసలమ్మ చచ్చినప్పుడు దుఃఖంతో నమిలారు. నేనేమో ఆ విందులను పుస్తకంలో కంటే బాగా చెప్పాను. తేనె రాసి కాల్చిన దుప్పి తొడలు, నేతిలో వేయించిన కౌజులు, వెన్న కారే రొట్టెలు. పొద్దున రాగి అంబలి తాగి వచ్చిన ఆడవాళ్ళ ముందు, గింజల గంప పెట్టి, దుప్పి తొడల గురించి చెప్పిన నాకంటే తెలివైనది ఎక్కడైనా ఉందా చెప్పండి. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారు. నేను కూసిన కొద్దీ మేసేవాళ్ళు బాగుపడ్డారు.

నాలుగో పుస్తకంలో కోట కూలిన నాడు రామక్క పందిరి గుంజకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"లచ్చుమక్కా, తల తిరుగుతాండాది."

"ఏమాయ?"

"ఏమో. ఆ కోట కూలిన కాడ నుంచి కడుపులో తిప్పుతాండాది."

"నాకూ అట్లే ఉండాది," అంది నాగమ్మ. మిగతావాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు పొట్ట పట్టుకున్నారు.

పచ్చి శెనక్కాయ గింజలు మితిమీరి తింటే పైత్యం చేస్తుందని మా పక్క పాలు మానిన పిల్లకు కూడా తెలుసు. నేనేమనుకున్నానో తెలుసా? నా కథ చెప్పే తీరుకు వీళ్ళ పేగులు కదిలిపోయాయి అనుకున్నాను. అందరికీ నిమ్మకాయ నీళ్ళు కలిపి ఇచ్చి, రేపటి నుంచి యుద్ధాలు కొంచెం తగ్గించి చెప్తానని మాట ఇచ్చాను. నిమ్మకాయ నీళ్ళతో అరిగిపోయి, మరునాడు ఇంకా బాగా తిన్నారు.

మా ఆయన ఒకసారి పందిరి దగ్గర ఆగి చూశాడు.

"ఏమే, పొట్టు కుప్ప గుట్టయినాది. గింజల గంప నిండనే లేదే?"

"ఈ యేడు కాయంతా తాలు పోయింది."

"నా చేతులతో ఏరి పెట్టిన కాయ అది. తాలేడిది?"

"నువ్వు గమ్మునుండయ్యా. అక్కడ పిల్లోడు కోట వాకిట్లో నిలబడి ఉండాడు."

"యా పిల్లోడు? మన ఊరోడేనా?"

పాపం, ఆయన వీధిలోకి పోయి అటూ ఇటూ తొంగిచూసి వచ్చాడు.

కాయలు అయిపోయిన రోజే ఐదో పుస్తకం కూడా అయిపోయింది. పిల్లోడు రాణి ఉన్న కోట తలుపు ముందు నిలబడ్డాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. అంతే, తర్వాత అట్ట. సరిగ్గా ఆ సమయానికే ఆకాశం కూడా చెయ్యి ఎత్తింది. ఉరవకొండ వైపు నుంచి నల్లగా మబ్బు దిగి, ఊరంతా మట్టి వాసన లేచి, దబదబా కొట్టింది. ఆడవాళ్ళు చెంగులు నెత్తిన వేసుకుని ఇళ్ళకు పరుగెత్తారు. "తలుపు తీసినారా ల్యా?" అని రామక్క వానలోంచి అరుస్తూనే పోయింది.

తెల్లవారి మొదటి బస్సులో మా అత్త దిగింది. వాన పడిందంటే ఆమె మోకాళ్ళకు నొప్పి గుర్తుండదు. అప్పటికే మా ఆయన గింజలను గోతాల్లోకి ఎత్తి, వాటిని చూస్తూ నిలబడి ఉన్నాడు. మా చేను మొత్తానికి సరిపోవాల్సిన విత్తనం సగం చేనుకు కూడా వచ్చేలా లేదు.

"ఎలుకలా?" అంది మా అత్త.

"ఎలుక జాడ యాడా కనపల్లేదమ్మా."

మా అత్త పొట్టు కుప్ప చూసింది. గోతాలు చూసింది. నన్ను చూసింది.

"పాడినారా?"

"లేదత్తా. కథ విన్నారు."

"ఎవరు చెప్పినారు?"

"నేనే."

"అంటే నోరు నీది ఒక్కటే ఆడినాది. తక్కిన నోర్లన్నీ ఖాళీ." ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది. "ఎలుకలైతే మందు పెట్టొచ్చు. ఇప్పుడు నీకేం పెట్టల్ల?"

కంచె చేను మేస్తే కాపు ఏం చేయగలడు అంటారు. మా చేనును కథ మేసింది. నవ్వకండి, ఇక్కడ మాత్రం కాసేపు నవ్వకండి. మాది ఎర్రనేల. వాన పడ్డాక నేలలో పదను రెండు మూడు రోజుల కంటే నిలవదు. ఆ పదనులో విత్తకపోతే మళ్ళీ వాన ఎప్పుడో చెప్పగలిగినవాడు పుట్టలేదు. గొర్రు కట్టిన ట్రాక్టరు ఆ పూటే మా చేనుకు వస్తుంది. ఆ పూట తప్పితే ఇంకో ఊరికి పోతుంది. మాకున్నది ఆ ఒక్క చేనే. సగం చేను బీడు పడితే సగం యేడు పస్తే.

"కొనుక్కుంటే?" అన్నాను.

"ఈ పొద్దు దుడ్లు కుప్పపోసినా ఇత్తనం ఇచ్చేవాడు యాడుండాడే?" అన్నాడు మా ఆయన. కోపంతో అంటే బాగుండేది. నెమ్మదిగా అన్నాడు.

మా అత్త ఒక ఖాళీ గోతం తీసి నా చేతిలో పెట్టింది. "మొలక తప్పితే మళ్ళీ వేసుకునేదానికి అందరిండ్లల్లో ఇన్నిన్ని పెట్టుకోనుంటారు. తిన్నోళ్ళ కాడికే పో."

పోయాను. నేను గోతంతో బయలుదేరానన్న కబురు నాకంటే ముందే నడిచింది. రామక్క ఇంటి ముందు నా శ్రోతలందరూ చేరి ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో మూట. వీళ్ళు ఎంత మంచివాళ్ళు, అడగకముందే తెచ్చి పెట్టుకున్నారని నా కండ్లలో నీళ్ళు తిరిగాయి. తిరిగిన నీళ్ళు కిందికి జారకముందే రామక్క అంది:

"రా లచ్చుమక్కా, కూర్చో. తలుపు తీసినారా ల్యా?"

"తలుపు సంగతి తర్వాత. మీరు నా ఇత్తనాలు తినేసినారు."

"తిన్నాము," అంది రామక్క, నీళ్ళు తాగాము అన్నట్టు. "నువ్వు ఆ మంత్రగాన్ని తెచ్చినప్పుడంతా భయమేసె. భయానికి ఏదో ఒకటి నమలల్ల కదా. తిన్న మాట నిజమే, పెట్టేది కూడా నిజమే. ఇవో మూటలు. కానీ ముందు కథ తెగ్గొట్టు. రాత్రంతా నిద్దర లేదు మాకు."

నాకు మాత్రం ఏం తెలుసు? నా దగ్గరున్నది ఎత్తిన చెయ్యి ఒక్కటే. శిరీషకు ఫోను చేశాను. మా ఫోను ఎలాంటిదంటే, చెవి దగ్గర పెట్టుకుంటే వీధి చివరకు వినపడుతుంది.

"శిరీషా, ఆరో పుస్తకంలో ఏమైతాదే?"

"ఆరోది రాలేదత్తా."

"మన అంగళ్ళకు రాలేదా?"

"లోకంలోకే రాలేదు. ఆయన ఇంకా రాస్తాండాడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను ఎనిమిదిలో ఉన్నప్పటి నుంచి."

"నువ్విప్పుడు డిగ్రీ కదే."

"అవునత్తా."

"వానికి యాడా పని లేదా?"

"ఇదే ఆయన పని."

ఫోను పెట్టేసరికి అందరూ నా వైపు ఎలా చూశారంటే, దొంగనోటు ఇచ్చినవాణ్ణి అంగడాయన చూస్తాడే, అలా.

"ముగింపు తెలీకుండానే మొదలుపెట్టినావా?" అంది రామక్క. "పదను చూడకుండా గొర్రు కట్టినట్టుండాదే నీ యవ్వారం."

ఎండ ఎక్కుతోంది. పదను ఆరుతోంది. ఇంక లాభం లేదని తెగించాను.

"సరే, వినండి. పిల్లోడు తలుపు కొట్టినాడు. లోపల పెద్ద యుద్ధమాయ. అందరూ చచ్చిరి. అయిపాయ. మూటలు విప్పండి."

ఒక్క చెయ్యి కదల్లేదు.

"అందరూ ఒక్కసారే చచ్చేదానికి ఏమన్నా రోగమా?" అంది రామక్క. "చెప్పులు తొడిగేదానికే ఒక పూట చెప్తివి. చావులు ఒక్క మాటలో తేలుస్తావా?"

అప్పుడు తెలిసింది పొడుగు కథ అంటే ఏమిటో. చెప్పేటప్పుడు అందరినీ తేవడం సుఖమే. పెళ్ళికి పిలవడం సుఖమే కదా, అలాగే. పంపేటప్పుడు ఒక్కొక్కరికీ బట్టలు పెట్టాలి. గుర్రం ఏమైందని ఒకామె. ముసలమ్మ దాచిన ఉంగరం ఎవరికి దొరికిందని ఇంకొకామె. నేను ఎప్పుడో మాట వరసకు చెప్పిన వంటవాడికి పెళ్ళయిందా లేదా అని మూడో ఆమె. ఎవరి మనిషి సంగతి తేలితే వాళ్ళు మూట విప్పి నా గోతంలో పోస్తారు. గుర్రానికి పచ్చిగడ్డి, వంటవాడికి పెళ్ళాం, ఉంగరం పిల్లోడికి. చకచకా పంచిపెట్టాను. ఐదు ఇటుకల లెక్కనంతా ఆమె అరుగు మీద కూర్చుని తేల్చేశాను. వానను కుండలో బంధించిన మంత్రగాడి దగ్గర మాత్రం కష్టం లేదు. "కుండ నిన్న సాయంత్రమే పగిలింది" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

చివరికి రెండే మూటలు మిగిలాయి. అన్నిటికన్నా పెద్దవి. రామక్కది, నాగమ్మది.

"రాణి చావల్ల," అంది రామక్క. "చావకుంటే నా మూట విప్పేది లేదు."

"రాణి బతకల్ల," అంది నాగమ్మ. జన్మలో మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "అది చస్తే నా ఇత్తనం నేనే వేసుకుంటా."

రాణిని చంపితే నాగమ్మ మూట పోతుంది. బతికిస్తే రామక్క మూట పోతుంది. రెండూ రాకపోతే చేను నిండదు. ఆ కథలో ఏ రాజుకూ ఇంత చిక్కు వచ్చి ఉండదు. రాణికి జ్వరం తెప్పించాను, ఇద్దరూ ఒప్పుకోలేదు. చెరలో పెట్టాను, ఇద్దరూ మూతి తిప్పారు. అంతలో మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏమే, ట్రాక్టరు వచ్చి నిలబడినాది. ఇత్తనం యాడ?"

"ఆగయ్యా. రాణి చచ్చిందో బతికిందో తేలల్ల."

"యా రాణి?"

చెప్పాను. ఆయన ఒకసారి మూటలను, ఒకసారి ఎండను చూశాడు. తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"రాణి చచ్చిపాయెనని ఊరంతా అనుకొనిరి," అన్నాడు. "కానీ చావలేదు. కోట వెనక నుంచి దిగి, చిరిగిన చీర కట్టుకోని, యాడనో గుట్టల్లో గొర్రెలు కాసుకోని బతుకుతాండాది. చాలా? ఇంక మూటలు విప్పండి తల్లీ."

రామక్క మూట ముడి మీద చెయ్యి వేసింది.

"రాణి. గొర్రెలు కాస్తాదా?"

"కాస్తాది."

"ఎండలోనా?"

"మన ఎండలోనే."

"అట్లయితే చావు కన్నా అదే ఎక్కువ," అంది రామక్క, మూట విప్పుతూ. బతికింది కదా, అదే చాలని నాగమ్మ కండ్లు తుడుచుకుని తనదీ పోసింది.

పదను పోకముందే చేను నిండింది. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ పదిమంది మూటల్లో పది రకాల విత్తనం. కొన్ని తొందరగా కాపుకొచ్చేవి, కొన్ని నిదానంగా వచ్చేవి. పెరికే కాలానికి ఒక సాలు ఎండి రాలుతుంటే, పక్క సాలు ఇంకా పచ్చగా పూత పూస్తోంది. ఊళ్ళోవాళ్ళంతా ఒక్కసారి పెరికి కుప్పలు వేసుకుంటే, మేము ముక్కలు ముక్కలుగా పెరికాం. మా ఆయన ప్రతి పచ్చ సాలు దగ్గరా ఆగి, "ఇది ఇంకా రాస్తాండాది" అనేవాడు. మా అత్త నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం ఎంత బరువో దాని కింద ఉన్నదాన్ని నేను, నాకు తెలుసు. అయినా ఆ యేడు తిండికి లోటు రాలేదు.

చలికాలం సెలవులకు శిరీష వచ్చింది. చంకలో ఆరో ఇటుక. ఆయన రాసేశాడంట. బుద్ధి ఉన్నదైతే దాన్ని తలుపు చెక్కకు అడ్డం పెట్టేది. నేను చదివాను. చదివి ఊరుకోకుండా రామక్క ఇంటికి పోయాను.

"రామక్కా, నువ్వే గెలిచినావు. రాణి నిజంగానే చచ్చిపాయ. తల నరికించినాడు. అంతా పుస్తకంలో ఉండాది."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చేతిలో చేట కింద పెట్టింది.

"ఎవడు చంపినాడు?"

"రాసినాయన."

"గుట్టల్లో గొర్రెలు కాసుకోని, ఎవరి జోలికీ పోకుండా బతుకుతాండే ఆడమనిషిని చంపినాడా వాడు?"

"ఆ గొర్రెలు మా ఆయన చెప్పినాడు రామక్కా. పుస్తకంలో గొర్రెలు లేవు."

"వాని పుస్తకంలో లేకుంటే అది వాని కర్మ. మూటలు పోసి బతికించుకున్నోళ్ళము మేము. మమ్మల్ని అడక్కుండా చంపేదానికి వాడెవడు? ఒక్క గింజైనా పోసినాడా? శిరీషకు చెప్పి వానికి ఫోను చేయించు. తప్పు రాసినాడని చెప్పు, కొట్టేసి మళ్ళీ రాయమను."

శిరీష ఫోను చేయలేదు. కానీ మా ఊళ్ళో ఇప్పటికీ ఆ రాణి బతికే ఉంది. గొర్రెలు ఈనే కాలంలో ఎలా ఉందోనని నాగమ్మ అప్పుడప్పుడూ నన్ను అడుగుతుంది కూడా.

కాబట్టి, ఎర్రనేల సాక్షిగా, మాడిన మా సంగటి గిన్నె సాక్షిగా, మెట్టు మీద కూర్చున్న మా అత్త సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ముందు పటం, వెనక వంశావళి ఉన్న పుస్తకాన్ని విత్తనం ఒలిచే కాలంలో ముట్టను. చివరి పేజీ నా కండ్లతో చూడని కథను ఎవరికీ చెప్పను. శెనక్కాయల ముందు పాడతాను, లేదా నోరు మూసుకుంటాను, అంతే తప్ప కథ చెప్పను. చింతపండు గింజ తీసే పనప్పుడు మాత్రం ఈ ప్రమాణం వర్తించదు. ఎంత పెద్ద యుద్ధమైనా, ఎంత గొప్ప విందైనా, రెండు రెబ్బలు నమిలేసరికి పళ్ళు పులిసి ఎవరి నోరు వాళ్ళే మూసుకుంటారు.